నాలుగు సీసాలు, ఒక చెంబు నీళ్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కిషన్‌బాగ్‌లో అందరూ అనేవాళ్లు. ఆ ముక్కే పనిచేయడం మానేసిందని మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు.

యుద్ధం జరుగుతున్న రోజులవి. మాకు ఆరు బర్రెలు. మా మామ ఆగయ్య, నా పెనిమిటి వైకుంఠం పాలు పోసి వచ్చేవాళ్లు. నెయ్యి మాత్రం నాది. సుందరమ్మ కాచిన నెయ్యేనా అని పాతబస్తీలో అడిగి మరీ తీసుకునేవాళ్లు. ఆ ఏడు చలికాలంలో పది రోజులు జ్వరం పట్టింది. లేచాక చూస్తే పేడ వాసన లేదు, పోపు వాసన లేదు. పడిశం తగ్గితే అదే వస్తుందిలే అనుకున్నాను. నెల దాటినా రాలేదు.

కాగుతున్న వెన్నను ఎప్పుడు దించాలో చెప్పేది వాసనే. ఆ పొగలో రంగేం కనపడుతుంది? రెండుసార్లు మాడింది. మామ కేకలేయలేదు. మూడోసారి మాడితే నెయ్యి మానేసి పాలే అమ్ముదామన్నాడు, అంతే. నెయ్యి లేకపోతే ఆ ఇంట్లో నేను పేడ ఎత్తే మనిషినే.

నెయ్యి మాడిందని నా మొహం మీదే చెప్పిన బయటివాడు గౌస్ మియా. చార్మినార్ దగ్గర సందులో ఆయనకు అత్తరు దుకాణం ఉండేది. ఏళ్లుగా మా నెయ్యే వాడేవాడు. నాకు ఒళ్లు మండింది. పొద్దస్తమానం అత్తర్ల మధ్య కూర్చునే మనిషికి నెయ్యి సంగతి ఏం తెలుస్తుందని అడిగేశాను. ఆయన నవ్వి, రెండు దూది ఉండలు తడిపి ఇచ్చాడు. ఏది గులాబీ, ఏది వట్టివేరు చెప్పమన్నాడు. కుడిచేతిలోది గులాబీ అని ధీమాగా చెప్పాను.

"రెండిట్ల ఉత్త నీళ్లే ఉన్నయి బేటీ," అన్నాడు.

దుకాణం మెట్టు మీదే కూలబడి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. లోపలికి పోయి అడుగున కాస్త కాస్త మిగిలిన నాలుగు చిన్న సీసాలు తెచ్చాడు. గులాబీ, వట్టివేరు, లవంగం, నిమ్మగడ్డి. ఎండలకు వట్టివేరు, పంటినొప్పికి లవంగం, దోమలకు నిమ్మగడ్డి అని జనం కొనుక్కుపోతారని, నాకు మాత్రం నాలుగూ బడిలో పలకలాంటివని చెప్పాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒక్కోదాన్ని కాసేపు మెల్లగా వాసన చూడాలట. ఒకటి చూసి ఇంకొకటి చూసే ముందు సొంత కొంగు వాసన చూసుకోవాలట. కుర్రతనంలో జ్వరమొచ్చి తన ముక్కూ ఇట్లాగే పోతే, ఉస్తాద్ ఇదే చేయించాడట.

"గట్టిగ పీల్చకు. గులాబ్ చూస్తప్పుడు గులాబ్ పువ్వును యాద్ చేసుకో. ముక్కు మర్చిపోయింది, నువ్వు మర్చిపోలే. ఫికర్ చెయ్యకు," అన్నాడు.

నాకు ఓపిక ఎక్కడిది? నాలుగో రోజే లవంగ నూనె వేలికి రాసుకుని ముక్కు కింద పూసుకున్నాను. మూతి బొబ్బెక్కింది. గౌస్ మియా తల పట్టుకున్నాడు. ఈ నూనెలు పువ్వుల పేర్లు పెట్టుకున్న నిప్పులని, చెంచాడు నువ్వుల నూనెలో ఒక్క చుక్క కలిపితే తప్ప ఒంటికి తాకించకూడదని తిట్టాడు. నన్ను తిట్టి బతికిపోయిన మగవాడు ఆయనొక్కడే.

ఇంట్లో నాకు ఇంకో గోల ఉండేది, మా అత్త ఆగమ్మ. నేను వెన్న పొయ్యి మీద పెట్టి, చిటపటలు వింటూ ప్రాణం బిగబట్టుకుని కూర్చుంటే, అరుగు మీద నుంచి నీళ్లు కావాలని కేకేసేది. వెన్నను మంట మీద వదిలేసి పోలేను కదా, గిన్నె దించి గొణుక్కుంటూ చెంబు పట్టుకెళ్లేదాన్ని. ఆమె ఒక్క గుక్క తాగి మిగతావి బర్రె కుడితిలో పోసేది. ముసలిదానికి వేళాపాళా లేదని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. నెయ్యి మళ్లీ మాడకపోవడం నా అదృష్టం అనుకున్నాను.

ఎండాకాలం చివర్లో నిమ్మగడ్డి ముక్కులో చురుక్కుమంది. తర్వాత లవంగం, వట్టివేరు వచ్చాయి. గులాబీ ఇంకా రాకముందే, బోనాల నెలలో ఒక పొద్దున పొయ్యి ముందు కూర్చుని ఉంటే, గిన్నెలోంచి కమ్మటి వాసన లేచింది. సన్నగా, దూరం నుంచి వచ్చినట్టు, అయినా అదే. గిన్నె దించడానికి బట్ట అందుకున్నాను.

"సుందరమ్మా, దూపైతుందే, నీళ్లు తే," అని అరుగు మీద నుంచి కేక.

చేయి అక్కడే ఆగింది. ఇన్ని నెలల కేకలూ గుర్తొచ్చాయి. ఒక్కటీ ముందు రాలేదు, ఒక్కటీ ఆలస్యం కాలేదు. ముక్కు పోయిందా అని మొహాన అడిగితే నేను ఇల్లు పీకి పందిరేస్తానని ఆమెకు తెలుసు. అందుకే ఇన్నాళ్లూ దప్పిక నటించింది. నేనేమో తిట్టుకున్నాను.

తర్వాతిసారి వాసన రాగానే గిన్నె దించేశాను. కేక కోసం చూడకుండా చెంబు నిండా నీళ్లు తీసుకుని అరుగు మీదికి పోయి ఆమె ముందు కూర్చున్నాను. ఆమె గాలిలో నెయ్యి వాసన చూసి, నా మొహం చూసింది.

"ఇగ నాకు దూప గాదు తియ్," అంది.

ఆ పూట నెయ్యిలో ఒక గిన్నె గౌస్ మియాకు పంపాను. మొదటి ముద్ద మాత్రం నా చేత్తో కలిపి అత్త నోట్లో పెట్టాను. చెంబులో నీళ్లు నేనే తాగాను.