పెద్ద నర్సమ్మ సైకిలు జాడ

ఉదయం ఏడింటికల్లా చిన్న నర్సమ్మ మందుల సంచి సైకిలు వెనక కట్టుకుని, రెండు టైర్లూ బొటనవేలితో నొక్కి చూసుకుని బయల్దేరేది. ఏటి గట్టు వెంట పద్నాలుగు కిలోమీటర్ల కంకర బాట. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కొండవాలు మీద వరసలు వరసలుగా ద్రాక్షతోటలు. ఆ బాట మీద కార్లు నడవవు. ఒకసారి వరదకి గట్టు కింద మట్టి కొట్టుకుపోయాక, తూములు బరువు మొయ్యవని రెండు కొసల్లోనూ ఇనప స్తంభాలు పాతేశారు. అప్పట్నుంచి పండ్ల బుట్టలు పోవాలన్నా, పెళ్లివారు రావాలన్నా సైకిలే గతి. లోయ జనం దానికి ఎంత అలవాటుపడ్డారంటే, స్తంభాలు తీసేస్తామని ఎవరైనా వస్తే కొట్టేలా ఉంటారు.

టైర్లో గాలి మరీ ఎక్కువైతే కంకర ఎత్తి పడేస్తుంది. తక్కువైతే రాయి ట్యూబుని కొరికేస్తుంది. ఆ మర్మం ఆమెకి నేర్పింది అక్క. లోయ పై కొసన ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని సైకిళ్లు బాగుచేసేది. అమ్మ పోయాక చెల్లెల్ని పెంచిందీ, నర్సు చదువు చదివించిందీ ఆ గ్రీజు చేతులతోనే.

చిన్న నర్సమ్మ మొదటి తూము దాటగానే, ఆమె చక్రాల జాడ పక్కన ఇంకో జాడ పడడం మొదలయ్యేది. మనిషి కనపడదు, సైకిలు కనపడదు. కంకర మాత్రం కరకరమని నలిగేది. అది ఆమెకి ముందు లోయలో నర్సుగా పనిచేసిన పెద్ద నర్సమ్మది. ముప్పై ఏళ్లు ఆ బాట మీదే తిరిగి తిరిగి, మూడేళ్ల కింద పోయిన మనిషి. ఆవిడ వెనక టైరుకి ఒకచోట పెద్ద అతుకు ఉండేది. చక్రం తిరిగిన ప్రతిసారీ దుమ్ములో అరచేతి వెడల్పు మచ్చ పడేది. ఇప్పుడూ పడుతుంది.

"ఇద్దరూ బయల్దేరారా?" అని తోటల్లోంచి పలకరించేవాళ్లు.

"బయల్దేరాం" అనేది చిన్న నర్సమ్మ. సెలవు రోజుల్లో పట్నం నుంచి వచ్చే సైకిలు సరదాగాళ్లు కూడా ఓ పక్కకి ఒదిగి ఇద్దరికి సరిపడా దారి ఇచ్చేవాళ్లు.

భయమల్లా ఆ జాడ బాట వదిలి ఎవరి గేటు వైపైనా మళ్లితేనే. అది మళ్లిన ఇంట్లో మూడు రోజుల్లోపు ఎవరో ఒకరు పోయేవాళ్లు. ఇప్పటికి పదకొండు ఇళ్లు. జాడ చూడగానే ఇంటివాళ్లు చుట్టాలకి కబురు పెట్టేవాళ్లు. మంచాన ఉన్నవాళ్లు కూడా, "పెద్ద నర్సమ్మ వచ్చేసిందిగా, ఇంక నాకెందుకమ్మా ఈ మాత్రలు" అని మొహం గోడ వైపు తిప్పుకునేవాళ్లు. చిన్న నర్సమ్మ నొప్పి తగ్గే సూది ఒకటి వేసి, చెయ్యి పట్టుకుని కూర్చునేది. అంతకన్నా ఏం చెయ్యాలో ఆమెకి తోచేది కాదు.

పోయిన చలికాలంలో తీగలు కత్తిరించే ఆయన భార్యకి జ్వరం పట్టుకుని ఊపిరితిత్తుల్లోకి దిగింది. సంచిలో మందు ఉంది. బాట కింది కొసన ఉన్న వంతెన దాకా దించితే పట్నం ఆస్పత్రీ ఉంది. కానీ ముగ్గులో గీత గీసినట్టు జాడ తిన్నగా వాళ్ల గేట్లోకి పోయింది. గుమ్మం దాకా వెళ్లి, గేటు దాకా వచ్చి, మళ్లీ గుమ్మం దాకా వెళ్లింది. అలా ఆరేడు సార్లు. ఆవిడ్ని కదపొద్దని అందరూ అన్నారు. చిన్న నర్సమ్మా కదపలేదు. మర్నాటికి ఆవిడ లేదు.

ద్రాక్ష కోతల్లో ఒక మధ్యాహ్నం, చిన్న నర్సమ్మ అన్నానికి ఇంటికి తిరిగొస్తోంది. రోజూ మొదటి తూము దగ్గర ఆగిపోయే జాడ ఆ రోజు ఆగలేదు. ఆమె కన్నా ముందుకెళ్లింది. వెళ్లి, వాళ్ల గేట్లోకే తిరిగింది.

ఆమె సైకిలు కింద పడేసి పరిగెత్తింది. షెడ్డులో అక్క ఒక చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. మొహం బూడిద రంగులో ఉంది. చెమటకి జాకెట్టు తడిసిపోయింది.

"గ్యాసేనే. ఎడమ చెయ్యి కూడా లాగుతోంది, పొద్దున్నించీ పానా తిప్పాను కదా" అంది అక్క.

గోడ అవతల్నించి పక్కింటి పిన్ని జాడ చూసింది. చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో తల్లీ! ఇంక కదపకే దాన్ని. చాప వేసి పడుకోబెట్టు, ప్రశాంతంగా పోతుంది."

"నేనింకా ఇక్కడే ఉన్నాను పిన్నీ. ఏడుపు కాస్త ఆపుకో" అంది అక్క, పళ్లు బిగించి.

చిన్న నర్సమ్మ చాప కోసం లోపలికి అడుగు వేసింది కూడా. మూడేళ్లుగా కాళ్లకి అదే అలవాటు. అప్పుడు వెనక కంకర నలిగిన చప్పుడైంది. జాడ అక్క చుట్టూ తిరగడం లేదు. బుట్టలు లాగే రెండు చక్రాల తోక బండి దగ్గరికి వెళ్లి, అక్కడినుంచి గేటు దాకా వచ్చి, మళ్లీ బండి దగ్గరికి పోతోంది. మళ్లీ గేటు. మళ్లీ బండి. ఆ తొందర చిన్న నర్సమ్మకి తెలుసు. మనిషిని మొయ్యడానికి ఎవరూ రానప్పుడు తానూ అలాగే తిరుగుతుంది.

పెద్ద నర్సమ్మ ఎవర్నీ తీసుకుపోవడానికి రాలేదు. బతికున్నన్నాళ్లూ ఏ పని మీద ఇళ్లకి వెళ్లిందో ఆ పని మీదే వెళ్లింది.

"పిన్నీ, ఏడవడం మాని ఇటు వచ్చి కాళ్లు పట్టుకో!" అని అరిచింది.

అక్క నాలుక మీద గుండెపోటు మాత్ర వేసి నమలమంది. ఇద్దరూ కలిసి బండిలో పరుపు మడతేసి పడుకోబెట్టారు. వంతెన దగ్గరికి అంబులెన్సు పంపమని ఫోను చేసి, బండిని సైకిలుకి తగిలించి ఎక్కింది.

పల్లం కాబట్టి సగం దూరం బానే పోయింది. చిల్లుల తూము దగ్గర ఏరు పొంగి బాట మీదకి వచ్చింది. మోకాలి లోతు ఎర్ర నీళ్లు. కింద గట్టి నేల ఎక్కడో, కోసుకుపోయిన గుంట ఎక్కడో కనపడడం లేదు. ఆమె బ్రేకు వేసింది.

నీళ్లలో ఒక చీలిక కదిలింది. చక్రం వెళ్తున్నంత సన్నంగా, ఒక వంకర తిరిగి, కొండ వైపు ఒరిగి అవతలికి పోయింది. ఆమె ఆ చీలికలోనే ముందు చక్రం పెట్టింది. పెడల్ తొక్కింది. చక్రం కింద కంకర గట్టిగా తగిలింది.

"ఎవరే ముందు పోతోంది?" అంది అక్క వెనకనుంచి, సన్నటి గొంతుతో.

"ఎవరో నీకు తెలుసుగా. మాట్లాడకు."

"గేరు మార్చవే మొద్దూ. చైను ఏడుస్తోంది."

ఆ తిట్టు వినగానే చిన్న నర్సమ్మకి ఏడుపొచ్చింది. గేరు మార్చింది.

ఆస్పత్రిలో డాక్టరు ఎవరు తీసుకొచ్చారని అడిగితే, "మా చెల్లీ, ఇంకొకావిడా" అంది అక్క. నాలుగో రోజుకి లేచి కూర్చుంది. చెల్లెలు గంజి పట్టిస్తుంటే సగం గిన్నె తాగింది. తరవాత అడిగింది.

"మరి అంతకుముందు ఆవిడ వెళ్లిన ఇళ్లు?"

చిన్న నర్సమ్మ చెంచా గిన్నెలో పెట్టింది. "ఇంకో రెండు గుక్కలు తాగు" అంది.

మర్నాడు వంతెన దగ్గర సైకిలెక్కి ఇంటి వైపు తొక్కింది. పక్కన జాడ పడుతూనే ఉంది. ప్రతి గేటు దగ్గరా మనుషులు నిలబడి, "అక్కయ్యకి ఎలా ఉంది? బతికించేశారటగా!" అని సంతోషంగా అడుగుతున్నారు. తలూపుతూ పోయింది. ఒకరి కళ్లలోకీ చూడలేకపోయింది.

తీగలు కత్తిరించే ఆయన గేటు మీద చేతులు వేసి నిలబడి ఉన్నాడు. కత్తెర జేబులో ఉంది. అందరిలా నవ్వలేదు.

"అక్కయ్య కులాసానా అమ్మా?"

"ఆ, కులాసా అండీ."

"మీ ఇంటికీ పెద్ద నర్సమ్మ వచ్చిందట."

"వచ్చింది."

"మా ఇంటికీ వచ్చిందిగా" అన్నాడాయన. అడుగుతున్నట్టు లేదు, ఆలోచిస్తున్నట్టు ఉంది. "గుమ్మం దాకా, గేటు దాకా. నేను లోపల కూర్చుని లెక్కపెట్టాను. ఎందుకలా తిరుగుతోందా అనుకున్నాను."

ఏదో ఒకటి చెప్పి వెళ్లిపోవచ్చు. భార్య రోగం అప్పటికే ముదిరిపోయిందంటే ఆయన నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు. చిన్న నర్సమ్మ సైకిలు దిగింది.

"మిమ్మల్ని పిలవడానికండీ. మీ ఇంటావిడ్ని ఎత్తుకుని రమ్మని" అంది. "ఆ రోజు ఆవిడ వచ్చింది. నేనే రాలేదు. మీ మంచం పక్కన కూర్చున్నాను గానీ, నేను రాలేదు."

ఆయన కత్తెర తీసి, చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. దవడ కదిలింది. కొడతాడనుకుంది. కొడితే బావుండుననుకుంది. ఆయన గేటు గడియ తీశాడు.

"లోపలికి రండి. మొదట్నించీ చెప్పండి. మందు ఏది ఇవ్వాల్సింది, ఎక్కడికి తీసుకెళ్లాల్సింది, అంతా."

ఆమె లోపలికి వెళ్లింది. ఆయన కుర్చీ వేశాడు, తను ఖాళీ మంచం అంచున కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా చెప్పింది. బయటికి వచ్చేసరికి, వెళ్లి చెప్పాల్సినవి ఇంకా పది ఇళ్లు ఉన్నాయి.