నాలుగో లైను

ఇక్కడి ఉద్యోగానికి ఒక రెజ్యూమే, పైదేశం ఉద్యోగానికి ఇంకో రెజ్యూమే. ఈ తేడా తెలియక ఉన్న అవకాశం పోగొట్టుకున్నవాళ్ళు వందమందైనా ఉంటారని అక్క లెక్క. ఇక్కడివాళ్ళకి నువ్వెవరి కొడుకువో కావాలి, ఫొటో కావాలి, పుట్టిన తేదీ కావాలి, పెళ్ళయిందో లేదో కూడా కావాలి. పైదేశంవాళ్ళకి ఇవేవీ అక్కర్లేదు. నీ మొహం ఎలా ఉంటే వాళ్ళకేం? ఏం పని చేశావు, ఎన్నాళ్ళు చేశావు, దానివల్ల ఏం ఒరిగింది, ఈ మూడూ రెండు పేజీల్లో చెప్పి తప్పుకోవాలి. "కష్టపడి పనిచేస్తాను, నిజాయితీపరుణ్ణి" అని రాయమని ఎవరైనా అడిగితే ఆమెకి ఒళ్ళు మండేది. "సోమరిపోతుని, దొంగని అని ఎవడైనా రాసుకుంటాడా?" అని కసిరి ఆ ముక్క కొట్టేసేది.

ఆమె పేరు పిలిచేవాళ్ళు లేరు. అందరికీ రెజ్యూమే అక్కే. బస్సులు ఆగే చోట, చెప్పులు బాగుచేసే కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుకు గది ఆమె షాపు. రెండు కంప్యూటర్లున్నాయి, అందులో ఒకటి ఊరికే చూపుకి. గది చివర ఒక తెర, తెర వెనక ఒక మంచం, మంచం మీద ఆమె భర్త. ఒకప్పుడు బాయిలర్ మేస్త్రి. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసం. రెండు వాక్యాలు మాట్లాడాలన్నా మధ్యలో ఆగాల్సిందే. అయినా అతన్ని అందరూ మేస్త్రి అనే అంటారు.

అక్క రాసిన మొదటి రెజ్యూమే అతనిదే. అందులో నాలుగో లైను ఇలా ఉండేది: "మూసి ఉన్న ట్యాంకులో విషవాయువు వల్ల స్పృహ తప్పిన తోటి కార్మికుణ్ణి ప్రాణాలతో బయటికి తెచ్చాను." ఆ ఒక్క లైను చూసి పైదేశం కంపెనీ వారం తిరక్కుండా పిలిచింది. వైద్య పరీక్షలో డాక్టరు ఊపిరితిత్తుల ఫొటో వెలుతురుకి పెట్టి చూశాడు, మళ్ళీ కవర్లో పెట్టి ఇచ్చేశాడు. ట్యాంకులో మేస్త్రి పీల్చింది లోపలే ఉండిపోయిందట. ఏ పని చేశాడని పిలిచారో ఆ పని వల్లే పొమ్మన్నారు.

తర్వాత నెలలో ఒకడొచ్చాడు. వాడి కాగితం మీద రాయడానికి పేరు తప్ప ఏమీ లేదు. అక్క జాలిపడి మేస్త్రి కాగితాన్నే తీసి, పైన పేరు మార్చి ఇచ్చేసింది. వాడికి ఉద్యోగం వచ్చింది. తెర వెనక నుంచి మేస్త్రి నవ్వాడు. "నా ఊపిరి ఎలాగూ పోయింది. ఆ మాటైనా ఎవడికో పనికి రానీ" అన్నాడు. ఇక ఆ లైనుకి అడ్డూ ఆపూ లేకపోయింది. ఆరేళ్ళలో ముప్ఫయ్యేడుమంది అదే ట్యాంకులోంచి అదే మనిషిని బయటికి తెచ్చారు. ఇది తప్పని అక్కకి తెలియకపోలేదు. కానీ వెళ్ళినవాళ్ళు ఇళ్ళు కట్టుకుంటున్నారు, పిల్లల్ని చదివించుకుంటున్నారు. దానివల్ల ఎవడికి నష్టం అనుకుంది.

ముప్ఫయ్యెనిమిదోవాడు ఆమె సొంత తమ్ముడు. రెండేళ్ళుగా గోడౌన్లో మూటలు మోస్తున్నాడు, అదీ పిలిచిన రోజే. ఆ సోమవారం మధ్యాహ్నం వాడి నియామక పత్రం వచ్చింది. పైదేశంలో నూనె ట్యాంకులు శుభ్రం చేసే కంపెనీ. లోపల పనిచేసేవాళ్ళని కనిపెట్టుకుని ట్యాంకు నోటి దగ్గర నిలబడే ఉద్యోగం. వైద్య పరీక్ష, వీసా అన్నీ ముందే అయిపోయాయి, శుక్రవారం చేరాలి. తమ్ముడు కాగితాన్ని కళ్ళకద్దుకుని, అక్కని రెండు చేతులా ఎత్తి గిరగిరా తిప్పాడు.

"దించరా, నడుం విరుగుతుంది!" అని అరిచింది గానీ ఆమె ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

అప్పుడే గుమ్మంలో బక్కన్న కనిపించాడు.

నిరుడు పంపించిన మనిషి. అప్పుడే గాలేస్తే ఎగిరిపోయేలా ఉండేవాడు, ఇప్పుడు చొక్కా హ్యాంగరుకి వేలాడుతున్నట్టుంది. రెండేళ్ళ ఒప్పందం మీద వెళ్ళినవాడు పదకొండు నెలలకే వచ్చేశాడు.

"ఏమయ్యా, అప్పుడే సెలవిచ్చారా?" అంది అక్క.

"రెజ్యూమే రాయించుకోవాలక్కా. ఇక్కడి ఉద్యోగానికి. నేను చేసినవే రాయి. చెయ్యనిది ఒక్కటి కూడా వద్దు."

ఆ గొంతు విని తమ్ముడు కూడా నవ్వు ఆపేశాడు. బక్కన్న కుర్చీ అంచున కూర్చుని, ఎవరూ అడక్కముందే చెప్పడం మొదలుపెట్టాడు.

"చేరిన రోజే అందరినీ వరసలో నిలబెట్టారక్కా. సూపర్‌వైజరు నా కాగితం తీసి పైకి చదివాడు. నాలుగో లైను దగ్గర ఆగి మళ్ళీ చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మెడలో ఈల వేశారు, చేతికి తాడిచ్చారు. లోపల ఎవడికేమైనా ముందు దిగాల్సింది నువ్వే అన్నారు. పదినెలలు ఏమీ కాలేదు. కూర్చుని తినే ఉద్యోగం దొరికిందని ఇంటికి ఫోన్లో కూడా చెప్పా."

"తర్వాత?"

"నా పక్క మంచంవాడు లోపల పడిపోయాడు. ఈల ఊదాను. అందరూ పరిగెత్తుకొచ్చారు. వచ్చి, అటొకళ్ళు ఇటొకళ్ళు జరిగి నాకు దారిచ్చారక్కా. ఇంకేం ఫర్వాలేదు, ఇతనున్నాడుగా అన్నట్టు చూశారు." అతను రెండు చేతులూ విడదీసి ఆ దారి ఎంత వెడల్పుందో చూపించాడు. "నాకు కాళ్ళు రాలేదు. తాడు ఎక్కడ కట్టాలో తెలీదు, ముక్కుకి ఏం పెట్టుకోవాలో తెలీదు. అలా నిలబడిపోయా. చివరికి క్యాంటీన్లో వంటవాడు నన్ను తోసేసి దిగాడు. వాడికి ఆ పనితో సంబంధమే లేదు. వాడూ పైకి రాలేదు."

తమ్ముడు నియామక పత్రాన్ని మెల్లగా మడిచాడు.

"ఆ లైను నాది కాదని నాకు తెలుసు. కానీ ఎవరిదో ఒకరిది అయుంటుంది కదా. ఆ మనిషి ఎలా దిగాడో అడుగుదామని వచ్చానక్కా. రాత్రీ పగలూ అదే ఆలోచన. ఏం చేసుంటే వాళ్ళు బతికేవాళ్ళు?"

తెర కదిలింది. మేస్త్రి గోడ పట్టుకుని బయటికొచ్చాడు.

"నాది" అన్నాడు.

బక్కన్న లేచి నిలబడ్డాడు. మేస్త్రి ఊపిరి కూడదీసుకుని కూర్చోమని సైగ చేశాడు.

"ఇద్దరు పడ్డారు" అన్నాడు. "నేను ఒక్కణ్ణే తెచ్చాను. దగ్గరున్నవాణ్ణి. రెండోవాడు... ఇంకో పదడుగుల లోపల. చెయ్యి కదిలిస్తున్నాడు. చూశాను. మళ్ళీ దిగలేదు. దిగితే నేనూ అక్కడే ఉండేవాణ్ణి. నువ్వేం చెయ్యలేదో... నేనూ అదే చెయ్యలేదు."

ఆ కాగితం అక్క తన చేతులతోనే టైపు చేసింది. ఆ మనిషి పక్కన ఇన్నేళ్ళు పడుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది.

"ఏం చేశావని అడిగావు, చెప్పాను. ఏం చెయ్యలేదని అడగలేదు. రెజ్యూమేలో అది రాయరన్నావు."

నిజమే. అలాగే అంది. అందరికీ అదే చెబుతుంది. చేసినదే రాయాలి, చెయ్యలేకపోయింది రాయకూడదు, చదివేవాడికి నీ మీద అనుమానం రానివ్వకూడదు.

బక్కన్న వెళ్ళాక ఆమె కంప్యూటరు ముందు కూర్చుని కంపెనీకి మెయిల్ రాయడం మొదలుపెట్టింది. తమ్ముడు భుజం మీదుగా చూసి ఒంటికాలి మీద లేచాడు.

"పిచ్చి పట్టిందా నీకు? ఉద్యోగం పోతుంది!"

"పోనీ."

"ముప్ఫయ్యేడుమందికి లేని అనుమానం నా దగ్గరే వచ్చిందా? సొంత తమ్ముడి దగ్గరేనా నీ సత్యం?"

అవును, సొంత తమ్ముడి దగ్గరే వచ్చింది. మిగతావాళ్ళని ఆమె తన చేతులతోనే ట్యాంకుల మీద నిలబెడుతూ వచ్చింది, కన్ను కూడా చెమర్చలేదు. ఇప్పుడు తన రక్తం దాకా వచ్చేసరికి తెలిసింది. సిగ్గేసింది. అయినా వేళ్ళు ఆపలేదు. "నా తమ్ముడి రెజ్యూమేలో నాలుగో లైను అబద్ధం. రాసింది నేను. అతనికి ట్యాంకు పని తెలియదు. దయచేసి వేరే పని ఏదైనా ఇవ్వండి" అని రాసి పంపేసింది. తమ్ముడు కుర్చీ తన్ని బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే జవాబొచ్చింది. మూడు వాక్యాలు. "ఈ లైను ఇప్పటికి మాకు పంతొమ్మిది దరఖాస్తుల్లో వచ్చింది. మేము దాన్ని పట్టించుకోవడం మానేశాము. అభ్యర్థి శుక్రవారం అదే పనిలో చేరాలి."

ఆమె దాన్ని నాలుగుసార్లు చదివింది. అబద్ధమని వాళ్ళకి ముందే తెలుసు. తెలిసే ఆ చోట మనిషిని నిలబెడుతున్నారు. వాళ్ళకి కావలసింది కాగితం మీద ఒక పేరు, అంతే. జవాబు దాచేద్దామా అనుకుంది. కానీ తమ్ముడికి కూడా అదే మెయిల్ వచ్చింది. వాడు విజయగర్వంతో షాపుకొచ్చి "చూశావా?" అన్నాడు.

వెళ్ళొద్దని కాళ్ళావేళ్ళా పడింది. వినలేదు. ఇక చేసేదేం లేక ఆ రెండు రోజులూ మేస్త్రి మంచం మీద కూర్చుని వాడికి పాఠం చెప్పాడు. చెప్పింది తక్కువ, దగ్గింది ఎక్కువ. లోపలికి దిగేవాడికి తాడు నడుముకి కాదు, భుజాల కిందుగా కట్టాలి. లోపలికి గాలి కొట్టకుండా ఎవణ్ణీ దింపనివ్వకూడదు. పడినవాడు కనిపిస్తే ఈల ఊది, తాడు లాగాలి.

"ఎవడు పడినా నువ్వు మాత్రం దిగకు" అన్నాడు.

"అందరూ దారిస్తే బావా?"

"ఇస్తారు. అయినా దిగకు. పిరికివాడంటారు. అనిపించుకో."

తమ్ముడు సరేనని తలూపాడు. చిన్నప్పటి నుంచీ ఆ ఊపు అక్కకి తెలుసు. లెక్కలు చేసుకో అన్నా అలాగే ఊపేవాడు.

గురువారం వాడు వెళ్ళిపోయాక ఆమె కంప్యూటరులో ఉన్న అసలు కాగితం తెరిచి నాలుగో లైను చెరిపేసింది. ఆ లైను తమది కాదని అక్కడ చెప్పెయ్యమనడానికి, పంపించినవాళ్ళలో దొరికిన నంబర్లన్నిటికీ ఫోను చేసింది. కొందరు ఎత్తలేదు. ఎత్తినవాళ్ళలో ఎక్కువమంది "ఇప్పుడెందుకక్కా ఆ గొడవ?" అని పెట్టేశారు.

శుక్రవారం సాయంత్రం తమ్ముడి ఫోనొచ్చింది. గొంతు నిండా ఉత్సాహం.

"గది బాగుందక్కా. తిండి ఫర్వాలేదు. పొద్దున అందరినీ నిలబెట్టి నా కాగితం పైకి చదివారు."

"పైకి చదివారా? పట్టించుకోవడం మానేశామన్నారుగా?"

"అది ఆఫీసువాళ్ళు. ఇక్కడ సూపర్‌వైజరుకి అవన్నీ తెలీదు. నాలుగో లైను రెండుసార్లు చదివాడు."

"నువ్వేమన్నావు? నాది కాదని చెప్పావా?"



"అంతమంది చప్పట్లు కొడుతుంటే ఎలా చెప్పనక్కా?"

తెర వెనక దగ్గు ఆగింది.

"ఈల ఇచ్చారటా?" అని అడిగాడు మేస్త్రి.

ఆమె తమ్ముణ్ణి అడిగింది. ఇచ్చారట.