కాటా ఎక్కని పిల్లలు

కొక్కేనికి వేలాడే కాటా సంచిలో కూర్చోబెట్టగానే బుజ్జిది తల వాల్చేసింది. నిద్రపోయిందనుకున్నాడు తూకాల సారు. పిల్ల మొహం చూడకుండా ముల్లు చూశాడు. "ఎర్ర గీత కిందే ఉంది. ఈ నెల పాలపొడి వస్తుందమ్మా, సంతోషమేగా?" అన్నాడు. తల్లి ఒక్క అంగలో వచ్చి పిల్లను సంచిలోంచి లాగి గుండెలకు అదుముకుంది. పిల్ల చెయ్యి చల్లగా వేలాడింది.

పిల్లల్ని తూచే ఆ పోషణ కేంద్రాన్ని బీదవాళ్ల కోసమని సర్కారు పెట్టింది. మంచిదే, ఎవరు కాదన్నారు? రోజూ గరిటెడు జావ పోస్తారు. ఇంటికి పాలపొడి, పిండి పొట్లం కావాలంటే మాత్రం పిల్ల బరువు ఎర్ర గీత కిందే ఉండాలి. తిని కాస్త ఒళ్లు చేసిందా, పొట్లం బంద్. మళ్లీ చిక్కి శల్యమైతే మళ్లీ పొట్లం. ఈ ఏర్పాటు ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో గానీ, వాడు ఎన్నడూ ఒక పూట పస్తున్న పాపాన పోయుండడు.

జావ కాచే పెద్దామెను అందరూ వంటత్త అంటారు. ఆమె పరుగున వచ్చి చెంచాతో చక్కెర నీళ్లు పిల్ల నోట్లో పోసింది. కాసేపటికి బుజ్జిది కళ్లు విప్పింది.

"అమ్మా, ఇప్పుడు తినొచ్చా?" అంది.

వరసలో నిలబడ్డ తల్లులందరూ నేల చూపులు చూశారు.

బుజ్జిదాని తల్లి బట్టల కార్ఖానాలో ఇస్త్రీ పని చేస్తుంది. పొద్దస్తమానం ఆవిరిలో ఉడికినా ఏనాడూ కన్నీరు పెట్టని మనిషి. ఇస్త్రీ అక్క అంటే సూపర్‌వైజర్‌కి కూడా కాస్త జంకే. అలాంటిది అక్కడే చతికిలబడి భోరుమంది.

"నేనే పెట్టలేదత్తా. నిన్నట్నుంచీ పెట్టలేదు. పోయిన నెల గీత దాటిందని పొట్లం ఆపేశారు. తూకం అయ్యాక పెడతానే తల్లీ అని బుజ్జగించా."

"ఊరుకో. నువ్వొక్కదానివేనా?" అంది వంటత్త. "రోజూ గిన్నె అడుగు దాకా గోకి పెడితే గానీ మీ పిల్లలు కదలరు. తూకం ముందు రోజు మాత్రం సగం గిన్నె మిగిలిపోతుంది. నాకు కళ్లు లేవనుకున్నారా?"

"మావాడు ఆకలని ఏడిస్తే రాత్రంతా నీళ్లు తాగించా," అంది ఒకామె మెల్లగా.

"నీళ్లూ బరువేగా అని నేను అవీ ఇవ్వలా," అంది ఇంకొకామె. అని నోరు మూసుకుంది.

ఎవరికి వారే దొంగచాటుగా చేసిన పని అది. అందరూ చేశారని ఆ రోజే తెలిసింది. సిగ్గు ముందొచ్చింది. కోపం దాని వెనకే వచ్చింది.

ఆ సాయంత్రం వీధి కుళాయి దగ్గర బిందెలు పక్కన పెట్టి అందరూ పోగయ్యారు. ఇస్త్రీ అక్క గొంతు బొంగురుపోయి ఉంది.

"వచ్చే తూకానికి ఏ ఒక్కరూ పిల్లను కాటా ఎక్కించొద్దు. కడుపునిండా పెట్టి తీసుకొద్దాం. గీతా లేదు గాడిద గుడ్డూ లేదు, పిల్లలందరికీ పొట్లం ఇవ్వమందాం."

"నీకేం, చెప్తావ్!" అని లేచింది ఊడ్చే చెల్లి. వీధులు ఊడ్చే మనిషి. ఆమె కొడుకు తిన్నా తినకపోయినా పుల్లలాగే ఉంటాడు, ఎప్పుడూ గీత కిందే. "నీ పిల్లకి ఎముకల మీద ఇంత కండుంది. నా వాడికి ఆ పొట్లమే ప్రాణం. నీ పంతానికి నేను వాణ్ణి చంపుకోవాలా?"

ఆమె అన్నదీ నిజమే కదా మరి.

"పొట్లం ఆగితే మా పిల్లల పళ్లెంలోంచి తీసి ముందు నీ వాడికి పెడతాం," అంది ఇస్త్రీ అక్క.

"మాటలు కోటలు దాటతాయి, కాళ్లు గడప దాటవు," అని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది చెల్లి.

కానీ మర్నాటి నుంచే ఆమె గడప ముందు ఎవరో ఒకరు గుప్పెడు పిండి పెట్టి పోసాగారు. ఎవరని ఆమె అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

తూకం రోజు వచ్చింది. తల్లులు గిన్నెలతో సహా వచ్చి కాటా ముందే బైఠాయించి పిల్లలకి తినిపించడం మొదలుపెట్టారు.

"ఇదేంటి? తూకం ముందు తినిపిస్తే లెక్క తప్పదూ!" అని అరిచాడు తూకాల సారు.

"లెక్క తప్పితే దిద్దుకోవచ్చు సారూ. పిల్ల పోతే ఏం దిద్దుతారు?" అంది ఇస్త్రీ అక్క.

"నన్నేం చెయ్యమంటావమ్మా? రూలు నేను రాశానా? తూకం లేకపోతే ఎవ్వరికీ పొట్లం లేదు. కేంద్రానికే తాళం పడుతుంది!" ఆయన చూపు అందరి మీదా తిరిగి ఊడ్చే చెల్లి దగ్గర ఆగింది. గొంతులో తేనె పోసుకున్నాడు. "నువ్వు రామ్మా. నీవాడిది ఎలాగూ గీత కిందే. నీ ఒక్కదానికీ ఇప్పుడే ఇచ్చేస్తా."

చెల్లి కొడుకును చంకనేసుకుని లేచింది. కాటా వైపు నడిచింది. ఇస్త్రీ అక్క చూసి, పోనీలే, అదీ తల్లేగా అనుకుని తల దించుకుంది.

చెల్లి కొక్కెం నుంచి సంచి ఊడబీకింది. నాలుగు మడతలు పెట్టి నేల మీద పరిచి, కొడుకును దాని మీద కూర్చోబెట్టింది.

"ఇక్కడ కూర్చుని తిను నాన్నా," అంది.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. సర్కారు కాటా పాడుచేసింది ఎవరని అడిగితే తూకాల సారు వేలు చూపించాడు. జీపు ఎక్కబోతూ చెల్లి కొడుకును ఇస్త్రీ అక్క చేతుల్లో పెట్టింది.

"కుళాయి దగ్గర మాటిచ్చావక్కా."

"ఇచ్చాను. పో, వెనకాలే వస్తాం."

జీపు వెళ్లిపోయింది. కార్ఖానా రెండో షిఫ్టు కూత వినిపించింది. ఇస్త్రీ అక్క పనికి కదల్లేదు. రేపటికి పని ఉంటుందో ఉండదో తెలీదు, నిజమే. అయినా కదల్లేదు. గిన్నె దగ్గరికి లాక్కుని మొదటి ముద్ద చెల్లి కొడుక్కి పెట్టింది.

బుజ్జిది ఆ ముద్ద వంక చూసింది. "అమ్మా, నేనూ తినొచ్చా?"

"తిను. ఇక మీద ఆ మాట ఎవర్నీ అడక్కు."

పిల్లలు తినడం అయ్యేదాకా అందరూ ఆగారు. వంటత్త గిన్నె ఎత్తుకుంది, పొయ్యి స్టేషన్ ముందే వెలిగిద్దామంది. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని ఆ దారి పట్టారు.