గింజలు ఉమ్మొద్దు

“సీతాఫలంలో గింజలు తీసెయ్యనీకి పీహెచ్‌డీ ఎందుకు? నోరుంటే చాలదా?” అని పెళ్ళయిన కొత్తలో భర్త సైలస్ అన్నప్పుడు ఇంట్లో అందరితో పాటు హదస్సా కూడా నవ్వింది. కొత్త కోడలు నవ్వకపోతే ఆ సంగతే వారం రోజులు మాట్లాడుకుంటారు. పద్నాలుగేళ్ళు గడిచాక, ఈ ఆదివారం పొద్దున, బోయిగూడ ఇంటి వంటింట్లో రెండు కిలోల మటన్‌కు అల్లం వెల్లుల్లి ముద్ద పట్టిస్తూ ఆ మాట గుర్తొచ్చి మళ్ళీ నవ్వుకుంది. ఈసారి నవ్వు తనది. పక్కనే బియ్యం డబ్బాలో ఐదు సీతాఫలాలు మెత్తబడడానికి పెట్టింది.

ఈ రోజు చర్చిలో కోత పండుగ. ఆరాధన అయ్యాక పాస్టరుగారి కుటుంబం భోజనానికి వస్తుంది. పిలిచింది సైలస్, వండేది హదస్సా. ఇందులో ఎవరికీ వింత కనబడదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని అతను, జరీ చీర కట్టుకుని అత్త మేబెల్, ఏడున్నరకే కానుకల బుట్టతో బయల్దేరారు. “పనంత చేసుకొని రా. చివరి ప్రార్థనకన్నా అందుకుంటవ్‌లే,” అన్నాడు సైలస్, గొప్ప సాయం చేస్తున్నవాడిలా. దేవుడి ఎదుట అందరూ సమానమేనట. అక్కడికి చేరే టైములోనే తేడా.

హదస్సా పండ్ల చెట్ల జన్యువులు చదివే సైంటిస్టు. ఊరి బయట పరిశోధన తోటలో గింజలు తక్కువ కాసే సీతాఫలం చెట్టు ఒకటుంది. ఆ తల్లి చెట్టు పూలకు, కండ బాగా పట్టే వేరే ఐదు చెట్ల పుప్పొడి అద్ది కొత్త రకం పుట్టించాలని మూడేళ్ళుగా ఆమె తంటాలు. సీతాఫలం పువ్వు తమాషా పువ్వు. విచ్చుకున్న మొదటి రోజు ఆడది, మర్నాటికి మగది. ఏ పువ్వు ఏ పూట ఎలా ఉందో కనిపెట్టి అద్దాలంటే పొద్దు పొడిచేసరికి తోటలో ఉండాలి. అద్దడానికి ఆమె వాడింది పెళ్ళిలో వచ్చిన మేకప్ పెట్టెలోని బ్రష్షు. “ఆడోళ్ళు మొఖానికి రాసుకుంటరు. నువ్వేందే, చెట్టుకు పౌడర్ రాస్తున్నవ్,” అని అత్త. “పొద్దుగాల నాకు చాయ్ పోసేటోళ్ళు లేరు గానీ, పువ్వులకు సేవ షురూ,” అని సైలస్. అప్పటి నుంచి ఫ్లాస్కులో చాయ్, డబ్బాలో టిఫిన్ పెట్టి వెళ్ళింది. బాగుందని ఎవరూ అనలేదు, చాయ్ చల్లారిందని మాత్రం అన్నారు. అయినా ఆ ఉదయాలంటే ఆమెకు ప్రాణం. తడి గడ్డి, వేళ్ళకు అంటిన పుప్పొడి, ‘ఎక్కడ పెట్టినవ్’ అని ఎవరూ దేని గురించీ అడగని రెండు గంటలు. అంత సంతోషం తనొక్కదానికే దొరకడం తప్పేమోనని కూడా ఒక్కోసారి అనిపించేది. అట్లా అనిపించేలా పెంచుతారు మరి.

అద్దిన మూడు వందల పూలలో గాలికి రాలినవి, ఉడతలు కొరికినవి, కోతులు ఎత్తుకెళ్ళినవి పోగా నిలిచినవి ఐదు పండ్లు. అదృష్టం కొద్దీ ఒక్కో తండ్రి చెట్టుకు ఒక్కటి. తొడిమకు తీగతో చిన్న అల్యూమినియం బిళ్ళ, బిళ్ళ మీద తండ్రి చెట్టు నంబరు. ఫ్రిజ్‌లో పెడితే సీతాఫలం నల్లబడుతుంది, ఆఫీసులో పెడితే ఎవరో ఒకరు తినేస్తారు. అందుకే ఇంటికి తెచ్చి బియ్యంలో పెట్టింది. సోమవారం ఆ గింజలు ఆఫీసులో చూపించాలి. ప్రాజెక్టు నడిపిన ఉదయ్ భాస్కర్ రిటైరవుతున్నాడు. మీటింగుల్లో చాయ్‌లకూ బొకేలకూ ఆమెను పురమాయించి, పరిశోధన పత్రాల్లో ఆమె పేరు నాలుగోది వేసిన మనిషి. ఆ కుర్చీ ఇప్పుడు ఆమెకిస్తామని ఉత్తరం వచ్చింది. సోమవారంలోగా ఒప్పుకోవాలి, విత్తడానికి గింజలు చేతిలో ఉండాలి. గింజల్లేకపోతే ప్రాజెక్టే మూత. “టూర్లుంటయ్, మీటింగులుంటయ్. ఇల్లెవరు చూస్తరు? వద్దని రాసెయ్,” అన్నాడు సైలస్, ఉత్తరం పూర్తిగా చదవకుండానే. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడాన్ని అతను ఒప్పుకోవడం కింద జమ చేసుకున్నాడు. ఆ ఇంట్లో అది పాత అలవాటు.

ఉల్లిపాయలు వేయించి, పెరుగు చట్నీ కలిపి, మటన్ గిన్నె ఫ్రిజ్‌లో పెట్టేసరికి తొమ్మిదిన్నర. చేతులు కడుక్కుని బియ్యం డబ్బా మూత తీసింది. బియ్యంలో ఐదు గుంటలున్నాయి, పండ్లు లేవు. కిటికీ గట్టు మీద, ఉప్పు సీసా పక్కన, ఐదు బిళ్ళలు బుద్ధిగా వరసలో పేర్చి ఉన్నాయి.

ఆ చర్చిలో ఒక పద్ధతుంది. కోత పండుగకు వచ్చిన గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు వేలానికి పోతాయి. నిలవ ఉండని మెత్తటి పండ్లను మాత్రం ఆరాధన కాగానే ఆవరణలో అక్కడికక్కడే విరిచి అందరికీ పంచుతారు. అది తెలుసు కాబట్టే ఆటోలో దారి పొడుగునా హదస్సా ఐదు బిళ్ళలూ గుప్పిట్లో పట్టుకుని కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

గేటు దగ్గరికే మేబెల్ గొంతు వినబడింది. “మా కోడలు తోటలయి! ఎట్లున్నయో తిని చెప్పుండ్రి!” స్త్రీల సమాజం మొత్తం ఆమె చుట్టూ ఉంది. అందరి దవడలూ ఆడుతున్నాయి. నల్లటి గింజలు గడ్డిలోకి, పూలకుండీల్లోకి ఎగిరి పడుతున్నాయి.

“అత్తమ్మా, బిళ్ళలెందుకు తీసిన్రు?”

“దేవునికిచ్చేదానికి నంబర్లేందే? రైల్వే పార్సిలా?”

వేలం కోసం సంఘ పెద్ద జకర్యా మైకు పట్టుకుని గొంతు సవరించుకుంటున్నాడు. ఆ చర్చిలో ఆడవాళ్ళు మైకులో పాడొచ్చు, మాట్లాడే అలవాటు లేదు. హదస్సా వెళ్ళి ఆయన చేతిలోంచి మైకు లాక్కుంది. తల మీది కొంగు జారింది. సర్దుకోలేదు.

“ఎవ్వరూ గింజలు ఉమ్మొద్దు!”

ఆవరణంతా ఉబ్బిన బుగ్గలతో ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కాళ్ళు కట్టేసిన కోడి ఒక్కటే కూసింది.

“నోట్లున్నయి చేతిల తీసుకోండి. కింద పడ్డయి సుత ఏరియ్యండి. అది నా మూడేండ్ల కష్టం. ఇంకోసారి అయ్యేది కాదు.”

సైలస్ పరుగున వచ్చాడు. “ఏందీ లొల్లి? పరువు తీస్తున్నవ్. మైకియ్యి ఇటు!”

“జెర జరగండి,” అంది ఆమె, మైకులోనే. “మీ చెప్పు కింద రెండున్నయ్.”

మొదట ఎవరు నవ్వారో తెలియదు. ఆ తర్వాత మాత్రం అందరూ గడ్డిలో కూర్చున్నారు. పట్టు చీరలు, కళ్ళజోళ్ళు, బైబిలు సంచులు, అన్నీ నేల మీదికి వంగాయి. పాస్టరుగారు స్వయంగా కానుకల పళ్ళెం పట్టుకుని తిరుగుతుంటే అందులో గింజలు టపటపా పడుతున్నాయి. జకర్యాకు మాత్రం పెద్ద సందేహం వచ్చింది. బాప్తిస్మాల రిజిస్టరు రాసేది ఆయనే.

“అన్నీ కలిసిపోయినయ్ గద బిడ్డా. ఏ గింజకు తండ్రి ఎవరో ఎట్ల తెలుస్తది? తండ్రి పేరు లేకుంటే ఎట్ల రాసుకుంటరు?”

“తల్లెవరో తెలుసు పెద్దయ్యా, పని నడుస్తది. తండ్రెవరో మొలకొచ్చినంక ఆకు తెంపి, మిషన్‌ల పెట్టి జన్యువులు చదివి నేను చెప్త. కాయ కాసేదాక ఆగే పనే లేదు.”

చెబుతుంటే ఆమెకే తట్టింది. ఆటోలో ఆ బిళ్ళల కోసం అంత ఏడ్చింది గానీ, వాటి మీద ఉన్నదంతా ప్రతి గింజా తనలో రాసి పెట్టుకునే ఉంది. చదవడం తనకు వచ్చు. ఈ ఆవరణలో ఇంకెవరికీ రాదు.

“గసొంటి మిషన్ ఇంటికొకటి పెట్టాలె,” అంది ఆడవాళ్ళ మధ్య నుంచి గ్రేసీ టీచర్. స్త్రీల సమాజం పగలబడి నవ్వింది. మగవాళ్ళు గడ్డిలో మరింత శ్రద్ధగా వెతికారు.

జకర్యా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “బిడ్డా, నేను రెండు మింగిన.”

“పర్లేదు. అవి మీకే.”

కుళాయి దగ్గర మేబెల్ జరీ చీర ఎగదోపి కూర్చుని గింజల జిగురు కడుగుతోంది. తలెత్తకుండా అంది, “నాకొక మాట చెప్తే ముట్టుకునేదాన్నా?”

“నాలుగుసార్లు చెప్పిన అత్తమ్మా.”

“మెల్లగ చెప్పినవేమో. గిప్పుడు చెప్పినట్టు చెప్పాలె,” అని ముసలామె ఇంకో గుప్పెడు అందుకుంది. “మైకుల మాట్లాడితే ఎంత మంచిగ వినబడ్డవే!”

లెక్కపెడితే నూట డెబ్బై ఒక్క గింజలు. హదస్సా మోచేతుల దాకా జిగురంటిన చేతులతో వాటిని తెల్లగుడ్డ మీద పరుస్తోంది. ఇంత నవ్వు ఒంట్లో ఎక్కడ దాగి ఉందో తెలియదు, ఆగడం లేదు.

సైలస్ పక్కన నిలబడి వాచీ చూసుకున్నాడు. “అయింది గద, పా. అయ్యగారోళ్ళు ఆకలి మీదున్నరు. ఎట్లాగూ రేపు వద్దనే రాస్తున్నవ్.”

“నేనట్ల అనలేదు. మీరన్నరు. మటన్‌కు మసాలా పట్టించి పెట్టిన, మీరు పోయి దమ్ము పెట్టండి. గింజలు నీడల ఆరినంక నేనొస్త. దానికంటె ముందు నా సంచిలున్న ఫోన్ తీయండి. నా చేతులు జిగట జిగటున్నయ్. నేను చెప్త, మీరు కొట్టండి.”

అతను చుట్టూ చూశాడు. ఒకవైపు గ్రేసీ టీచర్, ఇంకోవైపు తల్లి. “రాయండి బ్రదర్,” అన్నారు పాస్టరుగారు. ఫోన్ తీశాడు.

“నాకిచ్చిన బాధ్యత సంతోషంగా తీసుకుంటున్నా. గింజలున్నాయి. రేపు పొద్దున తెస్తా.”

అతని బొటనవేలు ఆగింది. “సంతోషంగా అని సుత పెట్టాల్నా?”

“అది ముందు పెట్టండి.”

పెట్టాడు. “పంపన్నా?”

“వద్దు, ఆగండి,” అని హదస్సా లేచి, చూపుడు వేలు కొంగుకు శుభ్రంగా తుడుచుకుని, ఆ ఒక్కటీ తనే నొక్కింది.