ఆది జాకెట్టు

రెండో పిన్ను ఎప్పుడూ సతాయిస్తుంది. మొదటిది భుజం మీద బుద్ధిగా దిగుతుంది. పైటను ఇంకో చుట్టు తిప్పి జబ్బ దగ్గర బిగించే ఆ రెండోది మాత్రం సోమమ్మ వేలిని ఒకసారి రుచి చూడనిదే చీరలోకి దిగదు. ఆ పొద్దున కూడా అంతే. పొడుచుకున్న వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో అన్నం గిన్నెను తువ్వాల్లో మూటగట్టుకుని, ఇస్నాపూర్ చౌరస్తాకు బయల్దేరింది. కంపెనీ బస్సు ఎవరికోసమూ ఆగదు. గోడకున్న చిన్న అద్దంలో ముఖం, బొట్టు చూసుకుంది, అంతే. మెడ కింద ఏముందో చూసుకునే సరదా ఆమెకు పదమూడో ఏటనే తీరిపోయింది.

మనిషి లావేమీ కాదు. నడుము, చేతులు, కాళ్ళు అందరిలాంటివే. దేవుడు రొమ్ము దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి కాస్త జారవిడిచాడు. బడిలో డ్రిల్లు పీరియడులో పరుగెత్తమన్నప్పుడు మగపిల్లల వరుసలోంచి లేచిన నవ్వు ఆమెకు ఇప్పటికీ వినబడుతుంది. ఆ మర్నాటి నుంచి బడి లేదు. ఇంటికొచ్చి ఏడిస్తే తల్లి కొట్టనూ లేదు, ఓదార్చనూ లేదు. "జెర వంగి నడువు బిడ్డా" అంది. తల్లి చెప్పినవాటిలో సోమమ్మ తుచ తప్పకుండా పాటించింది అదొక్కటే. పాతికేళ్ళు వంగి నడిచింది. బస్సులో అన్నం గిన్నె, రేషను దుకాణం ముందు చక్కెర సంచి, పెళ్ళిళ్ళలో ఎవరి చంటిపిల్లైనా సరే, ఏదో ఒకటి రొమ్ముకు అడ్డం పెట్టుకోనిదే నలుగురిలో నిలబడేది కాదు. ఫోటోల్లో ఎప్పుడూ రెండో వరుసే. నలభై దాటకముందే వెనకనుంచి చూసినవాళ్ళు "పెద్దమ్మా, జరుగు" అనేవాళ్ళు. అలా అన్నందుకు ఆమె నొచ్చుకునేది కాదు సరికదా, లోలోపల హాయిగా కూడా ఉండేది. పెద్దమ్మ వైపు ఎవరూ పనిగట్టుకుని చూడరు కదా.

పాశమైలారంలోని ఆ మందుల కంపెనీలో బిళ్ళలు ప్యాకింగ్ చేసే చోట ఆమె పాతకాపు. వచ్చిన కొత్తలో భయపెట్టిన మిషనే ఇప్పుడు ఇంటి బర్రెలా అలవాటైపోయింది. మూలిగితే మేత కావాలో నీళ్ళు కావాలో తెలిసినట్టు, అది ఏ చప్పుడు చేస్తే ఏం చెయ్యాలో చేతులకే తెలుసు. ఆ తొంభై ఎనిమిదో సంవత్సరంలో సూపర్‌వైజర్ భీమశంకరం ఆమెను లైన్ ఇన్‌ఛార్జిగా వేస్తానన్నాడు. ఇన్‌ఛార్జి అంటే వరుస ముందు నిలబడి, పదిమందికి పని చెప్పి, తనిఖీకి వచ్చినవాళ్ళకు చూపించే మనిషి. సోమమ్మకు ఆ పని కావాలి. మొగుడితో కూడా పైకి అనలేదుగానీ, లోపల చెప్పలేనంత ఆశ ఉంది.

అంతలో వచ్చింది చీరల మీద నిషేధం. ఎవరి పిన్నో మందుల డబ్బాలో దొరికిందట. సోమవారం నుంచి లోపల చీర, పిన్ను, గాజు ఏవీ పనికిరావు. తెల్ల పైజామా, ముందు బొత్తాలున్న తెల్ల కోటు వేసుకోవాలి. స్టోర్‌లో ఇచ్చిన కోట్లన్నీ మగవాళ్ళ కొలతలకు కుట్టినవే. భుజాలకు సరిపోయేది తొడిగితే బొత్తాల మధ్య నోళ్ళు తెరుచుకున్నాయి. పోయిన వారం తొడిగి చూపించమన్నప్పుడు వంగీ వంగకముందే ఒక బొత్తం తెగి, టపీమని ఎగిరి, బెల్టు మీద బిళ్ళల పక్కనే ప్రయాణం చేసింది. అవతలి వరుసలో మగపిల్లలు నవ్వారు. అదే నవ్వు, డ్రిల్లు పీరియడు నవ్వు. అన్నిటికంటే పెద్ద కోటు ఇమ్మని అడిగి తెచ్చుకుంటే, అది బొత్తాల దగ్గర సరిపోయింది, భుజాలు మోచేతుల దాకా జారాయి, చేతులు కోటులో మునిగిపోయాయి. అలాంటి చేతులతో మిషను దగ్గర నిలబడితే ముందుంది ముసళ్ళ పండగే. "నాతోని కాదు సార్" అనేసింది.

ఆ వేళ షిఫ్టు మధ్యలో భీమశంకరం మళ్ళీ పిలిచాడు.

"సోమమ్మా, రేపు పొద్దున్నకి ఏదో ఒకటి తేల్చు. నీకు చేతకాదంటే నేను నమ్మను. అసలు నీ ఇబ్బందేమిటో చెప్పవు. వద్దంటే గోడౌన్‌కి పంపడం తప్ప నా చేతిలో ఏమీ లేదు. అక్కడైతే చీర కట్టుకోవచ్చు."

"చెప్త సార్" అంది నేలతో.

ఏమని చెప్పాలి? మగమనిషి, పైగా మంచివాడు. మంచివాడికి చెప్పడం ఇంకా కష్టం. గోడౌన్ అంటే రేకుల షెడ్డులో అట్టపెట్టెలు మొయ్యడం. మొయ్యగలదు. కానీ మిషను చప్పుడు వినబడని చోట తనకు పనేమిటి?

అన్నాల దగ్గర శివమ్మ పసిగట్టింది. పదేళ్ళుగా పక్కన కూర్చుని తిన్న మనిషి, ముద్ద ఆగిపోతే కారణం తెలియకపోదు.

"కోటు పంచాయితేనా?"

"ఇంకేముంది."

"రాంచంద్రాపురం టౌన్‌షిప్ల లక్ష్మీనరసమ్మ అని ఒక ఆంధ్రామె ఉన్నది. దవాఖాన నర్సులకు కోట్లు ఆమెనే కుడుతది. మా ఆడబిడ్డకు కుట్టింది. కానీ ఆమె పెనిమిటి రిటైరైండు, ఇయ్యాల్నే కాకినాడ దిక్కు పోతున్నరంట. పోతే ఇప్పుడే పో. రేపంటే ఇగ దొర్కది."

రెండింటికి షిఫ్టు వదలగానే సోమమ్మ కంపెనీ బస్సులో ఇస్నాపూర్ వచ్చి, ఇంటికి నడిచి, పెట్టెలోంచి ఆది జాకెట్టు తీసింది. దర్జీ దగ్గరికి ఆది లేకుండా ఎవరు పోతారు? కోటు, పైజామాలతో పాటు దాన్నీ సంచిలో కుక్కుకుని, మళ్ళీ బస్సెక్కి రామచంద్రాపురంలో దిగి, అడుక్కుంటూ క్వార్టర్ చేరేసరికి వరండా నిండా గోనె మూటలు, తాళ్ళు, బోర్లించిన బిందెలు. వాటి మధ్య ఒక నిండైన మనిషి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"అయ్యో, కుట్టుమిషను తప్ప అన్నీ కట్టేశాం కదమ్మా" అంది లక్ష్మీనరసమ్మ, సంగతి వినకముందే.

లోపలినుంచి ఆమె భర్త సూర్యారావు కేక వేశాడు. "లారీ వచ్చే వేళకి కొత్త బేరమేమిటే?"

సోమమ్మ వెనక్కి తిరగబోయింది. సంచి అలవాటుగా రొమ్ము మీదికి వచ్చింది. ఆ చెయ్యి అలా రావడం చూసి లక్ష్మీనరసమ్మ ముఖం మారింది.

"ఆగు" అని ఆమెను ఆపి, "బేరం కాదులెండి, మీరు ఆ మంచాలు విప్పండి" అని భర్తకు చెప్పి, సోమమ్మను లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

సోమమ్మ ఆది జాకెట్టు చేతికిచ్చింది. లక్ష్మీనరసమ్మ దాన్ని వెలుతురుకు పట్టి, చంకలు, నడుము వేళ్ళతో జానలు పెట్టి, సోమమ్మ వైపు చూసి, మళ్ళీ జాకెట్టు వైపు చూసింది.

"ఇది ఎవరి కొలతమ్మా?"

"నాదే."

"జాకెట్టు నీదే. కొలత నీది కాదు. నీ నడుము ఇంత లేదే!"

అప్పుడు బయటపడింది. లగ్గం నాడు ఊళ్ళో దర్జీ ఆది అడిగితే, కోడలి రొమ్మును చూసి అత్త బక్కమ్మ తన జాకెట్టే పంపింది. బక్కమ్మ పేరుకే బక్కమ్మ. మనిషి ఎటు చూసినా గాదె. మగ దర్జీ ఆడమనిషి ఒంటికి టేపు పెట్టడు, పెడతానన్నా ఏ ఆడది నిలబడదు. ఒక జాకెట్టు చినిగిపోయే లోపు దాని కొలతకు ఇంకొకటి, దాని కొలతకు మరొకటి. ప్రతిసారీ "ఇంకో వేలు వదులు వెట్టు" అని సోమమ్మ తన వంతు కలిపేది. అత్త పోయి ఎన్నో ఏళ్ళయినా, ఆమె ఒళ్ళు మాత్రం కోడలి మీద బతికే ఉంది.

లక్ష్మీనరసమ్మ పడీ పడీ నవ్వింది. ఆ నవ్వులో డ్రిల్లు పీరియడు లేదు. సోమమ్మకు కూడా నవ్వొచ్చింది.

"చేతులు దించు. కొలవనీ."

చేతులు దించడానికే కొంతసేపు పట్టింది. చల్లటి టేపు వీపు చుట్టూ తిరిగి ముందుకు రాగానే సోమమ్మ కళ్ళు మూసుకుంది. పుట్టాక ఎవరూ కొలవలేదు తనని. లక్ష్మీనరసమ్మ అంకె చెప్పి, "అంతేనా!" అన్నట్టు పెదవి విరిచింది. ఇన్నేళ్ళు కొండంత అనుకున్నది ఒక అంకె. అందరికీ ఉండేలాంటి అంకె.

"లోపలి బాడీ ఎక్కడ కొన్నావు?"

"అంగట్ల, బండి మీద. పెద్దది ఇయ్యుమన్న."

"పెద్దదిమ్మంటే ఇచ్చాడు పాపం. బరువు మొయ్యాల్సింది కింది పట్టీ తల్లీ, భుజాలు కాదు. చూడు, ఎలా కోసుకుపోయాయో." కింది పట్టీని ఒక మడత వేసి కుట్టి, భుజం పట్టీలు సరిచేసింది. "ముందు లోపల నిలబడితే, తర్వాత పైది నిలబడుతుంది. జీతమొచ్చాక కొలత చెప్పి కొనుక్కో."

కోటు భుజాలు విప్పి, జారిన మేర కత్తిరించి, చేతులు మళ్ళీ అతికి కుట్టింది. వదులుగా వేసుకుంటే దాగుతుందనుకోవడం ఒట్టి భ్రమ అంది. డేరా వేస్తే లోపల ఏనుగు ఉందనే అనుకుంటారట ఊళ్ళోవాళ్ళు. రొమ్ముకు సరిపోయే కోటు తీసుకుని మిగతా చోట్ల తగ్గించుకోవాలి తప్ప, భుజాలకు సరిపోయేది తీసుకుని రొమ్మును బతిమాలకూడదు. రొమ్ము మీది జేబు పీకి, కిందికి, తుంటి పక్కకు దించింది. చంకల కింద రెండు, నడుము నుంచి పైకి రెండు సన్నటి మడతలు పట్టి కుట్టింది. నోరు తెరిచే రెండు బొత్తాల మధ్య లోపలివైపు ఒక టిచ్ బటన్ కుట్టింది. మెడ దాకా ఉన్న కాలరును కాస్త తెరిచి మడిచింది.

"గల్ల తెర్సినట్టు ఉండదా అమ్మా?" అని భయంగా అడిగింది సోమమ్మ.

"గొంతు కింద కాస్త తెరిపి ఉంటే చూపు ముఖం మీదికి పోతుంది. మెడ దాకా మూశావంటే ఇంక చూడ్డానికి మిగిలేది అదొక్కటే." దారం పంటితో తెంపింది. "నీకెందుకు చెబుతున్నానంటే, పెళ్ళయిన కొత్తలో నేను ఎండాకాలంలో కూడా ఈయనగారి శాలువా కప్పుకుని కూరలకు వెళ్ళేదాన్ని. చలిజ్వరమేమో అనుకుని పక్కింటావిడ రోజూ కషాయం పంపేది. మూడు నెలలు తాగాను. ఈ ఒళ్ళుతో ఏం చెయ్యాలో తెలిసేసరికి సగం వయసు అయిపోయింది."

బయట లారీ హారను కొట్టింది. సూర్యారావు తలుపు తట్టాడు. మిషను మీద లక్ష్మీనరసమ్మ పాదాలు మరింత జోరందుకున్నాయి.

పైజామా, కోటు తొడుక్కుని సోమమ్మ బొత్తాలు పెట్టుకుంది. అన్నీ పడ్డాయి. వంగింది. ఒక్కటీ కదలలేదు. చేతులు పైకెత్తింది. గట్టిగా ఊపిరి పీల్చింది, ఇదే తొలిసారి అన్నట్టు. అద్దం కోసం చూస్తే, అది అప్పటికే బొంతలో చుట్టుకుని మూటల కింద ఉంది.

"అద్దమెందుకు, బయటికి నడు" అని తలుపు తీసింది లక్ష్మీనరసమ్మ.

వరండాలో హమాలీలు ఉన్నారు, బలమైన పడుచు మగవాళ్ళు. సోమమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. సంచి గదిలో ఉంది, పైట లేదు, అడ్డం పెట్టుకోవడానికి చేతిలో చెంబు కూడా లేదు. వాళ్ళు తల తిప్పారు.

"మేడమ్, జెర జరుగుండ్రి. బీర్వ వస్తున్నది" అన్నాడు ముందున్నవాడు.

ఏ మేడమా అని సోమమ్మ వెనక్కి చూసింది. వెనక గోడ ఉంది. పక్కకు జరిగింది. వాళ్ళు బీరువా మోసుకుంటూ, చెమట కళ్ళలో పడి రెప్పలార్పుకుంటూ, ఆమెను దాటి వెళ్ళిపోయారు. ఎవరూ రెండోసారి చూడలేదు. చూడడానికి అక్కడ ఏమీ లేదు, తెల్లకోటు వేసుకుని దారికి అడ్డం నిలబడిన ఒక మనిషి తప్ప. సోమమ్మకు ప్రాణం లేచొచ్చింది. పాతికేళ్ళుగా ఆమె కోరుకున్నది ఇంతే.

"ఓ అన్నా, అద్దం మూట అడుగున వెట్టకుండ్రి, పగుల్తది. ముందుగాల బీర్వ, పక్కపొంటి మంచాలు, మీద మూటలు" అంది. ఆ గొంతు మిషను దగ్గరి గొంతు. వాళ్ళు "సరే మేడమ్" అని అలాగే చేశారు. సూర్యారావు తాళ్ళు పట్టుకుని నిలబడి, ఇంకా ఏమేం చెయ్యాలో ఆమెనే అడగడం మొదలుపెట్టాడు.

చివరగా మిషను కూడా ఎక్కింది. లక్ష్మీనరసమ్మ డ్రైవరు పక్కన కూర్చోబోతూ సోమమ్మ కాలరు ఒకసారి సరిచేసింది.

"ఇకమీదట ఎవరు కుట్టినా ముందు టేపు పెట్టించుకో. సిగ్గుపడకు."

"ఇగ సిగ్గెందుకమ్మా. రేపు పొద్దుగాల సార్‌కు చెప్త, లైను ముంగట నేనే నిలవడ్త అని." చెయ్యి పట్టి ఆమెను లారీ ఎక్కించింది. "నువ్వు మంచిగ పోయిరా."

లారీ దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగి, పెద్ద రోడ్డు చప్పుడులో కలిసిపోయింది. చీర మడిచి సంచిలో పెట్టుకుంది సోమమ్మ; ఆ రోడ్డు మీద నర్సులు కోట్లతోనే బస్సెక్కుతారు, తానూ అలాగే పోదామనుకుంది. మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి చూసింది. ఖాళీ గదిలో మిషను ఉన్న చోట, గచ్చు మీద, కోటు భుజాల నుంచి కత్తిరించిన రెండు తెల్లటి ముక్కలు పక్కపక్కన పడి ఉన్నాయి.