నాయుడుపేట నిద్ర

మునికుమార్ చొక్కాకు ఊడిపోయిన గుండీ చోట కొత్తది కనిపించేసరికి అతని భార్య కోమలి ఎవరు కుట్టారని అడిగింది.

"కృపారాణి కుట్టింది," అన్నాడతను సంగటి తుంచుకుంటూ, అదేమంత చెప్పుకోదగ్గ సంగతి కాదన్నట్టు.

కోమలికి ఆ పూట అన్నం సయించలేదు.

మునికుమార్ లారీ డ్రైవరు. చిత్తూరు ఫ్యాక్టరీ నుంచి మామిడి గుజ్జు డ్రమ్ములు విశాఖపట్నం రేవుకు చేరవేస్తాడు. పాత యజమాని దగ్గర ఉన్నన్నాళ్లూ అతని నిద్ర సంగతి ఎవరికీ పట్టలేదు. కళ్లు మండుతున్నా నడిపి, పూతలపట్టులో ఇల్లు చేరి రోజంతా మొద్దులా పడుకునేవాడు. కొత్త కంపెనీలో అలా కుదరదు. ఇంతసేపు నడిపితే ఇంతసేపు విశ్రాంతి తీసుకోవాల్సిందే. కావాలంటే దాన్ని రెండు ముక్కలు చేసుకోవచ్చు. పెద్ద ముక్క మాత్రం బండి ఆపి, నడుం వాల్చి, మధ్యలో తెగకుండా నిద్రపోవాలి. తెగితే అది లెక్కలోకి రాదు, మళ్లీ మొదటి నుంచి పడుకోవాలి. చిన్న ముక్క ఎక్కడ గడిపినా పర్వాలేదు. బండి ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో జీపీఎస్‌లో ఆఫీసుకు తెలిసిపోతుంది.

తిరుగు ప్రయాణంలో మునికుమార్ పెద్ద ముక్కను నాయుడుపేటలోని కృపారాణి మెస్సులో నిద్రపోయేవాడు. చిన్న ముక్కకు ఇంటికొచ్చి, స్నానం చేసి, తిని, కూతురితో కాసేపు ఆడి, ఫ్యాక్టరీకి వెళ్లిపోయేవాడు. ఈ రూలంతా అతను రెండు మూడుసార్లు విడమరిచి చెప్పాడు. కోమలికి మాత్రం ఒక్కటే అర్థమైంది. పెద్ద ముక్క కృపారాణిది, చిన్న ముక్క తనది.

గుండీ సంగతి జరిగిన తర్వాతి ట్రిప్పుకు, మూడు నాలుగు గంటల్లో నాయుడుపేట చేరతానని అతని ఫోను రాగానే, కూతురి యూనిఫాం కొనాలని అత్త తాయమ్మతో చెప్పి కోమలి తిరుపతి బస్సెక్కింది. తిరుపతిలో దిగి బట్టల దుకాణాల వైపు చూడకుండా నాయుడుపేట బస్సు పట్టుకుంది. దారి పొడవునా కృపారాణి ముఖాన్ని ఊహించుకుంది. వయసు మళ్లిన మనిషైతే బాగుండునని ఆశపడింది.

వయసు మళ్లలేదు. కృపారాణికి తన ఈడే ఉంటుంది, తనకంటే పొడుగు. చీర కుచ్చిళ్లు ఎగదోపి, పెద్ద గంగాళంలో చారు కలుపుతూ ఉంది. కోమలి తానెవరో చెప్పగానే చేతులు తుడుచుకుని మెస్సు వెనకనున్న హాలు దగ్గరికి తీసుకుపోయింది. కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టి ఉన్నాయి. లోపల చల్లగా, చీకటిగా ఉంది. వరసగా మంచాలు, వాటి మీద డ్రైవర్లు. నాలుగో మంచం మీద మునికుమార్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఇంట్లో అతను అంత నిశ్చింతగా పడుకోవడం చూసి ఎన్నాళ్లయిందో.

"ఇప్పుడే పడుకున్నాడు మా. లేపబాకు. బయట కూర్చో, అన్నం పెడతా," అంది కృపారాణి గొంతు తగ్గించి.

ఆమె మాటలో తప్పేమీ లేదు. కానీ తన మొగుణ్ణి లేపొద్దని తనకే చెప్పడం కోమలి తట్టుకోలేకపోయింది. గబగబా లోపలికి వెళ్లి అతని భుజం పట్టి కుదిపింది. మునికుమార్ ఉలిక్కిపడి లేచాడు. భార్యను చూసి ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకున్నాడు.

"ఎవురికీ ఏమీ కాలేదు. ఇంటికి రా. ఆడ పడుకో," అంది కోమలి.

అతను ఆమె ముఖంలోకి చూశాడు, తర్వాత కృపారాణి వైపు చూశాడు. పక్క మంచం మీది మనిషి అటు తిరిగి పడుకున్నాడు. అందరి ముందూ గొడవ ఎందుకనుకున్నాడో ఏమో, చొక్కా తొడుక్కున్నాడు. ఇలా వెళ్లడం మంచిది కాదని కృపారాణి ఒకసారి చెప్పి చూసింది. కోమలి అప్పటికే బయటికి నడిచింది.

క్యాబిన్‌లో అతని పక్కన కూర్చున్నాక ఆమెకు గెలిచినట్టనిపించింది. శ్రీకాళహస్తి దాటేదాకా ఆ సంతోషం ఉంది. బండి అప్పుడే ఎందుకు కదిలిందని ఆఫీసు నుంచి ఫోనొస్తే, ఇంట్లో పని పడిందని మునికుమార్ అబద్ధం చెప్పాడు. రేణిగుంట దగ్గర నీళ్లతో ముఖం కడుక్కున్నాడు. తిరుపతి బైపాసులో అద్దం దించి గాలికి ముఖం పెట్టాడు. చంద్రగిరి దగ్గర పడుతుండగా కోమలి ఏదో అడిగింది. జవాబు రాలేదు. తిరిగి చూస్తే అతని కళ్లు మూసుకుని ఉన్నాయి. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. లారీ మెల్లగా రోడ్డు అంచుకు పోతూ ఉంది. ముందు ఒక ఆడమనిషి మేకల్ని తోలుకుంటూ నడుస్తోంది.

"మామా!" అని కోమలి అతని చెయ్యి పట్టుకుని లాగింది.

బ్రేకు పడింది. లారీ కంకర మీద జారి ఆగింది. మేకలు చెదిరిపోయాయి. ఆ మనిషి పక్కకు దూకి, పడి, లేచి ఇద్దర్నీ తిట్టిపోసింది. ఆమెకు మోచెయ్యి మాత్రం గీరుకుంది. మునికుమార్ దిగి క్షమించమన్నాడు. మళ్లీ క్యాబిన్ ఎక్కి కూర్చున్నాడు.

"రేణిగుంట దాటినంక రోడ్డు నాకు గుర్తే లేదు కోమలీ," అన్నాడు.

కోమలి బండిని చింతచెట్టు కిందికి తీయించి, సీటు వెనక పరుపు మీద పడుకోమంది. పొద్దు వాలేదాకా ఆమె క్యాబిన్‌లోనే కూర్చుంది. బండి పక్కన ఆగి హారన్ కొట్టిన ఒకడికి చేత్తోనే వెళ్లమని సైగ చేసింది. అతని ఫోను మోగకుండా చేసి ఒళ్లో పెట్టుకుంది. పెద్ద ముక్క మొత్తం ఆమెదే అయింది. నిద్రపోతున్న మనిషి పక్కన కూర్చోవడం తప్ప అందులో ఇంకేమీ లేదని ఆమెకు ఆరోజు తెలిసింది.

లేచాక అతని కళ్లు తేటపడ్డాయి. టీ తాగి బయల్దేరారు. తాను ఎందుకొచ్చిందో కోమలి దాచకుండా చెప్పింది. అతను బండి వేగం తగ్గించాడు.

"ఆడ నిద్ర పడతాది. అంతకుమించి ఏమీ లేదు. నమ్ముతావా?"

"నమ్ముతా. ఆడే పడుకో పో," అంది కోమలి. "ఆయమ్మంటే మాత్రం నాకు సరిపడదు. అది మార్చుకోమని అడగొద్దు."

మునికుమార్ నవ్వాడు, ఆమె నవ్వలేదు. ఆలస్యమైనందుకు ఫ్యాక్టరీలో లోడు ఎత్తుకునే అతని వంతు వేరే లారీకి పోయింది. మళ్లీ పిలుపు వచ్చేదాకా ఇంట్లోనే ఉండమన్నారు.