ఇటుక దొరికిన చోటు

నవనీత సగం ఇటుకను యూరియా సంచిలో చుట్టి క్లాసుకు తెచ్చింది. మంథని అవతల గోదావరి ఒడ్డున వాళ్ల చెలకలో ట్రాక్టరు దున్నుతుంటే తగిలిందట. సుమయ్య కొలిచింది. వెడల్పు ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు, మందం ఎనిమిది. శాతవాహనుల కాలపు కొలత.

కరీంనగర్‌లో, యూనివర్సిటీలో ప్రాచీన చరిత్ర చెప్పడం సుమయ్యకు అది రెండో ఏడు. కాంట్రాక్టు ఉద్యోగం. రెగ్యులర్ పోస్టుకు ఇంటర్వ్యూ పడితే అచ్చయిన పరిశోధన పేపర్లు చూస్తారు. ఆమెవి రెండే ఉన్నాయి. క్లాసులో మొదటి వారం నుంచీ ఒక మాట చెబుతూ వచ్చింది: "దొరికిన చోటు తెలియకపోతే ఇటుక వట్టి ఇటుకే." పిల్లలు నోట్సులో రాసుకున్నారు.

మార్చిలో ఒక ఆదివారం నవనీతతో కలిసి చెలకకు పోయింది. నవనీత తండ్రి బుచ్చిరాములు మట్టి తీసి గోడ వరస చూపించాడు. అతని తమ్ముడు సదానందం దుబాయ్ నుంచి వచ్చి ఏడాది. టేపు రెండో కొస అతను పట్టుకున్నాడు.

"ఇండ్ల బంగారం లేదు గద మేడం?"

"లేదన్నా. ఇటుకలే."

"అయితే ఫికర్ లేదు. మా అన్న రాత్రి మంచిగ పంటడు."

బుచ్చిరాములు నవ్వలేదు. "బయట ఎవలికి చెప్పకు బిడ్డా. తవ్వేటోళ్లు వస్తరు."

"చెప్పను కాకా," అంది సుమయ్య.

ఆగస్టులో ఆ గోడ మీద ఆమె రాసిన పేపరు ఒక ఆన్‌లైన్ పత్రికలో వచ్చింది. ఊరి పేరు, సర్వే నంబరు, అక్షాంశ రేఖాంశాలు, పటం అన్నీ ఉన్నాయి. ఇచ్చిన మాట ఆమెకు గుర్తుంది. పేపరు వేరు అనుకుంది. చదివేది పది మంది ప్రొఫెసర్లు అనుకుంది.

అక్టోబర్లో నవనీత నాలుగు రోజులు క్లాసుకు రాలేదు. ఐదో రోజు స్టాఫ్‌రూంకు వచ్చింది. గుప్తనిధుల కోసం ఎవరో చెలక తవ్విపోయారని చెప్పింది. మూడు గుంతలు, ఒక్కోటి మనిషి లోతు. అర ఎకరం పత్తి పోయింది. గోడ లేదు.

"ఎవరు చెప్పి ఉంటరు వాళ్లకు?" అని సుమయ్య అడిగింది.

"ఇంకెవలు మేడం, మా సదానందం చిన్నబాపే అంటుండ్రు. సక్కగ గోడ మీదనే తవ్విండ్రు. గా జాగ మా ముగ్గురికే ఎరుక. మీరైతే మాటిచ్చిండ్రు. బాపు ఆయనతోని మాట్లాడుతలేడు. మంగళారం పోచమ్మ కాడ తడిబట్టలతోని ప్రమాణం చెయ్యాల్నట."

"మంగళవారం నాకు రెండు క్లాసులున్నయి."

"మిమ్మల్ని రమ్మంటలేను మేడం," అంది నవనీత.

సాయంత్రం సుమయ్య పత్రిక సైటు తెరిచింది. ఆమె పేపరును 412 మంది డౌన్‌లోడ్ చేసుకున్నారు.

మంగళవారం క్లాసులు రద్దు చేసి పెద్దపల్లి మీదుగా మంథని బస్సెక్కింది. అక్కడి నుంచి ఆటో. పోచమ్మ గుడి ముందు ముప్పై మంది ఉన్నారు. సదానందం పంచె నుంచి నీళ్లు కారుతున్నాయి. పక్కన బకెట్ ఉంది. బుచ్చిరాములు తమ్ముడి వైపు చూడకుండా నిలబడ్డాడు.

సుమయ్య అతని దగ్గరికి పోయి బ్యాగులోంచి పేపరు తీసింది. "సదానందమన్న చెప్పలే కాకా. నేను ఇండ్ల రాసిన. జాగతో సహా."

బుచ్చిరాములు పేపరు తీసుకోలేదు. "మాటిచ్చినవు గద బిడ్డా."

"ఇచ్చిన."

అతను తమ్ముడితో, "ఇంటికి పోరా. బట్టలు మార్చుకో," అన్నాడు. ఆ మాట కూడా నేలను చూస్తూనే అన్నాడు.

సదానందం కదల్లేదు. "మేడం బస్సెక్కి పోతది. నేను గీడ్నే ఉండాలె. చదువుమను. అందరు వినాలె."

పేపరు ఇంగ్లీషులో ఉంది. సుమయ్య ఒక్కో వాక్యం తెలుగులో చెప్పింది. ఊరి పేరు. సర్వే నంబరు. చింతచెట్టుకు తూర్పున నలభై మీటర్లు.

"బస్సు ఏడ దిగాల్నో అది గూడ రాసినవా?" అన్నాడు హనుమండ్లు అనే ముసలాయన. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"రాసిన," అంది సుమయ్య. మంథని నుంచి దూరం మొదటి పేజీలోనే ఉంది.

చివర కృతజ్ఞతలు. శాఖాధిపతికి, లైబ్రరీకి, పటం గీసిన మిత్రుడికి.

"బుచ్చిరాములు పేరు లేదా అండ్ల?" హనుమండ్లు మళ్లీ అడిగాడు.

"లేదు."

"టేపు పట్టినోని పేరు?" అన్నాడు సదానందం.

"లేదన్నా."

సదానందం బకెట్లో మిగిలిన నీళ్లు నెత్తిన పోసుకున్నాడు. బుచ్చిరాములు అతని భుజం పట్టుకొని, "ఇగ వద్దురా," అన్నాడు. సదానందం ఆ చెయ్యి తీసేశాడు.

"వారం సంది ప్రమాణం చెయ్యుమని మందితోని చెప్పిచ్చినవు గద అన్నా. ఇను."

పోచమ్మ గడప మీద చెయ్యి పెట్టి ప్రమాణం మొదలుపెట్టాడు. నవనీత తండ్రి పక్కన నిలబడి వింటోంది. సుమయ్య వైపు చూడలేదు.